కొండల్ని కొలిచిన కుంచె

రష్యాలో పుట్టి, హిమాలయాన్ని సొంతిల్లు చేసుకుని, కులూ లోయలో కన్నుమూసిన చిత్రకారుడు నికొలస్ రోరిక్. ఆయన బొమ్మల్లో ప్రకృతినీ భక్తినీ విడదీయడం ఎవరి తరమూ కాదు.

వేసవి సెలవులొస్తే మన ఊళ్ళ నుంచి మనాలీకి బయల్దేరే కుటుంబాలకు లెక్కలేదు. కులూ దాటాక బండి బియాస్ నది గట్టు వెంట పైకి సాగుతుంది. అందరి మనసూ సోలంగ్ మంచు మీద, రోహతాంగ్ కనుమ మీద ఉంటుంది. నదికి అవతలి ఒడ్డున, దేవదారు చెట్ల మధ్య, ఒకప్పుడు కులూ రాజులకు రాజధానిగా వెలిగిన నగ్గర్ ఉంది. అక్కడిదాకా వెళ్ళినవాళ్ళలోనూ రాతితో, కొయ్యతో కట్టిన పాత కోట చూసి తిరిగొచ్చేవాళ్ళే ఎక్కువ. కోట దాటి కాస్త పైకి ఎక్కితే కొయ్య వసారాల ఇల్లొకటి కనిపిస్తుంది. 1928 చివరి నుంచి 1947 డిసెంబర్ దాకా రోరిక్ ఉన్న ఇల్లు అదే. జీవితకాలంలో ఆయన వేసిన చిత్రాలు దాదాపు ఏడు వేలని అంచనా. భారతదేశం వచ్చాక వేసినవాటిలో కొండ లేనివి వెతుక్కోవాలి.

కొండను దేవుడి ఇల్లుగా చూడటం మనకు కొత్త కాదు. తిరుమలైనా శ్రీశైలమైనా సింహాచలమైనా, మెట్లెక్కడంతోనే సగం మొక్కు తీరినట్టు. అందుకే రోరిక్‌ను అర్థం చేసుకోవడం పాశ్చాత్య విమర్శకులకన్నా మనకే తేలిక అని నాకు గట్టి నమ్మకం. ఆయన్ని కొందరు మార్మికుడని పక్కన పెట్టారు, కొందరు మహాత్ముడని గుడి కట్టారు. మధ్యలో చిత్రకారుడు మరుగున పడ్డాడు. ఈ కథనం ఆ చిత్రకారుడి గురించి.

గోడ మీది కొండ

1874 అక్టోబర్ 9న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు నికొలస్. తండ్రి కాన్‌స్టాంటిన్ పేరున్న నోటరీ. నగరానికి దూరంగా ఇజ్వారా అనేచోట వాళ్ళకో ఎస్టేటు ఉండేది. పిల్లవాడికి ఛాతీ జబ్బు, ఎడతెగని దగ్గు. అడవిలో తిరగనివ్వండి, వేటకు పంపండి అని వైద్యుడు సలహా ఇచ్చాడు. చలిలో, మంచులో తెల్లారకముందే లేచి అడవంట తిరగడం అలా అలవాటైంది. జబ్బు తగ్గింది కానీ తిరుగుడు మాత్రం ఆగలేదు.

ఇజ్వారా చుట్టుపక్కల పాతకాలపు సమాధి దిబ్బలు చాలా ఉన్నాయి. ఇవనోవ్‌స్కీ అనే పురాతత్వవేత్త అక్కడ తవ్వకాలు జరపడానికి వస్తే, తొమ్మిదేళ్ళ నికొలస్ ఆయన వెంటపడ్డాడు. తరవాత తనే దిబ్బలు తవ్వాడు, పెద్దయ్యాక ఆ శాస్త్రంలో పేరు తెచ్చుకున్నాడు. ఈ తవ్వకాల అనుభవం ఆయన బొమ్మల్లో చివరిదాకా కనిపిస్తుంది. నేల కింద ఎవరో ఉన్నారని, వాళ్ళు పూజించిన రాయి ఇంకా ఇక్కడే ఉందని తెలిసినవాడు గీసిన నేల అది. అందులో శూన్యమనేది ఉండదు.

ఇజ్వారా ఇంటి గోడ మీద ఒక పాత చిత్రం వేలాడుతుండేది. సాయంకాలపు ఎర్రటి వెలుగులో ఓ మహాపర్వతం. అదే కొండో పిల్లవాడికి తెలియదు. అది కాంచనగంగ అని చాలా ఏళ్ళ తరవాత తెలిసిందని రోరిక్ స్వయంగా రాసుకున్నారు. ఆ సంగతి తెలిసేనాటికి ఆయన జీవితం అటువైపే తిరిగి ఉంది.

తండ్రి లాయరు కమ్మన్నారు, కొడుకు బొమ్మలేస్తానన్నాడు. చివరికి రెండూ చదవాలని రాజీ కుదిరింది. 1893లో ఒకే ఏడు కళల అకాడమీలోనూ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రంలోనూ చేరారు. అకాడమీలో దొరికిన గురువు ఆర్కిప్ కుయింజీ. చెప్పులు కుట్టుకునే పేదింట్లో పుట్టి, వెలుతురును రంగులో పట్టుకోవడంలో రష్యా మొత్తానికీ సాటిలేనివాడనిపించుకున్న మనిషి. 1880లో నీపర్ నది మీద వెన్నెలను చిత్రించి, ఆ ఒక్క బొమ్మనే చీకటి గదిలో పెట్టి ప్రదర్శిస్తే ఊరంతా బారులు తీరింది. కాన్వాసు వెనక దీపం పెట్టారేమోనని వంగి చూసినవాళ్ళున్నారట. ప్రకృతిని చూసి వచ్చాక, మనసులో ఏం మిగిలిందో దాన్నే బొమ్మగా కట్టమనేవారు ఆయన. రోరిక్ ఈ పాఠాన్ని ఆఖరి రోజు దాకా విడిచిపెట్టలేదు. 1897లో విద్యార్థుల ఆందోళనకు మద్దతిచ్చినందుకు అకాడమీ కుయింజీని తొలగిస్తే, శిష్యులంతా ఆయన వెంట బయటికి నడిచారు. రోరిక్ కూడా.

అదే ఏడు వేసిన ‘దూత’ అనే చిత్రం ఆయనకు మొదటి పేరు తెచ్చింది. రాత్రివేళ నది మీద పడవలో, తెగల మధ్య రేగిన పోరు కబురు మోసుకెళ్తున్న ఇద్దరు మనుషులు. కళాసేకరణకర్త ట్రెట్యకోవ్ దాన్ని తన గ్యాలరీకి కొన్నారు. టాల్‌స్టాయ్‌కి ఆ బొమ్మ ఫొటో చూపిస్తే ఆయన పడవ గురించి మాట్లాడారట. ఉరవడి ఉన్న ఏటిని దాటేవాడు చేరాల్సిన చోటుకి సూటిగా కాక, ఎగువకు గురిపెట్టాలి, లేకపోతే నీళ్ళు కిందికి ఈడ్చుకుపోతాయి అన్నారని రోరిక్ తన రాతల్లో గుర్తు చేసుకున్నారు. గోదావరి రేవుల్లో ఏ సరంగుకైనా తెలిసిన సంగతే ఇది. ఇరవై మూడేళ్ళ కుర్రవాడికి మాత్రం అది జీవితానికి దారి చూపింది.

1901లో హెలెనాతో పెళ్ళయింది. 1903, 1904 వేసవుల్లో ఇద్దరూ రష్యాలోని పాత పట్టణాలన్నీ తిరిగారు. కోట గోడలు, ఉల్లిగడ్డ ఆకారపు గోపురాల చర్చిలు, శిథిలమవుతున్న మఠాలు. వాటిని బొమ్మలుగా వేస్తూ, కాపాడకపోతే పోతాయని పత్రికల్లో రాస్తూ వచ్చారు. ఆ పర్యటనల్లోనే పాత ఐకాన్‌లు, అంటే చర్చిల్లో పలక మీద చిత్రించే దేవుళ్ళ బొమ్మలు, ఆయన్ని పూర్తిగా వశం చేసుకున్నాయి. అప్పటికి ఐకాన్‌ను కళగా లెక్కించేవాళ్ళు తక్కువ. తలాష్కినో దగ్గర చర్చికి క్రీస్తు ముఖంతో మొజాయిక్ రూపొందించిన చేతులతోనే, పీటర్స్‌బర్గ్‌లో కడుతున్న బౌద్ధాలయానికి రంగుటద్దాల నమూనాలూ గీశారు. అదే కాలంలో ‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’ బ్యాలేకు రంగాలంకరణ చేశారు. 1913 మేలో పారిస్‌లో ఆ ప్రదర్శన రేపిన గొడవ కళాచరిత్రలో నిలిచిపోయింది. ఒకచోట క్రీస్తు, ఒకచోట బుద్ధుడు, ఇంకోచోట సూర్యుణ్ణి కొలిచే ఆటవిక తెగలు. ఆయనకు వీటి మధ్య పేచీ కనిపించలేదు.

1916లో మళ్ళీ ఊపిరితిత్తులు మొరాయించాయి. గాలి మార్పు కోసం ఫిన్లాండ్ సరిహద్దుల్లోని సరస్సుల ఒడ్డుకు వెళ్ళారు. ఇంతలో విప్లవం వచ్చి సరిహద్దులు మూసుకుపోయాయి. అక్కణ్ణుంచి లండన్, తరవాత న్యూయార్క్. లండన్‌లో ఉండగా టాగూర్ ఆయన స్టూడియోకి వచ్చి బొమ్మలు చూశారు. రామకృష్ణుల, వివేకానందుల పుస్తకాలు రష్యాలో ఉన్నప్పుడే హెలెనా చేతికి వచ్చాయి. భారతదేశం ఇంట్లో రోజూ మాట్లాడుకునే విషయమైంది. 1923 డిసెంబర్‌లో భార్య, ఇద్దరు కొడుకులతో ఆయన ఈ నేల మీద అడుగుపెట్టారు. డార్జిలింగ్‌లో ఇల్లు తీసుకుంటే కిటికీ ఎదురుగా 8,586 మీటర్ల కాంచనగంగ. ఇజ్వారా గోడ మీది కొండ.

చలి, ఆకలి, అట్ట ముక్కలు

1925 ఆగస్టులో కశ్మీర్ నుంచి బిడారు కదిలింది. లేహ్, కారకోరం కనుమ, ఖోటాన్, కాష్గర్, ఉరుంచి, ఆల్టాయ్ కొండలు, మంగోలియా, గోబీ ఎడారి, టిబెట్. మూడేళ్ళు సాగిన యాత్ర. దారిలో మాస్కోకూ వెళ్ళొచ్చారు. పెద్దకొడుకు జార్జ్ టిబెటన్ భాషలో పండితుడు, ఆయనే దుబాసీ. హెలెనా దారి పొడుగునా గుర్రం మీదే.

1927 అక్టోబర్‌లో టిబెట్ ఉత్తరాన చాంగ్‌తాంగ్ పీఠభూమి మీద అధికారులు ఈ బిడారును ఆపేశారు. ముందుకు వద్దు, వెనక్కీ వద్దు. ఉన్నవి వేసవి గుడారాలు. అక్కడి చలికాలం మైనస్ నలభై దాకా పోతుంది. దారిన పోయేవాళ్ళ దగ్గర తిండి కొనకూడదన్నారు. రోరిక్ ఒకదాని వెనక ఒకటి ఉత్తరాలు రాశారు. జవాబు లేదు. రాత్రుళ్ళు గుర్రాలూ ఒంటెలూ తిండి కోసం గుడారాల దగ్గరికొచ్చి నిలబడేవి, తెల్లారేసరికి పక్కనే చచ్చిపడి ఉండేవి. ఐదు నెలల్లో సుమారు తొంభై జంతువులు చనిపోయాయి, ఐదుగురు మనుషులూ చనిపోయారు. 1928 మార్చిలో గానీ కదలనివ్వలేదు.

ఈ మొత్తం ప్రయాణంలో ఆయన వేసిన చిత్రాలు సుమారు ఐదు వందలు. ఆ సంఖ్య కన్నా, ఏ స్థితిలో వేశారన్నదే నన్ను ఆపేస్తుంది. కష్టం గురించి ఆయన డైరీల్లో రాశారు. బొమ్మల్లో మాత్రం ఫిర్యాదు లేదు. అదే పీఠభూమి, అదే ఆకాశం అక్కడ నిర్మలంగా కనిపిస్తాయి. భక్తి అంటే ఏమిటో వేరే నిర్వచనాలు చెప్పుకోవచ్చు గానీ, తనను చంపబోయిన కొండను ఇంత ప్రేమగా చిత్రించడాన్ని నేను మరో పేరుతో పిలవలేను.

ఆ చిన్న బొమ్మల్ని దగ్గరగా చూడాలి. చాలావాటి కొలత పొడవు అడుగున్నర, ఎత్తు అడుగు. అట్ట మీద టెంపెరా. టెంపెరా రంగుకి నూనెరంగులా మెరుపు ఉండదు. గుడ్డుసొన లాంటి బంకతో కలిపిన పొడిరంగు, పూసిన కాసేపటికే ఆరిపోతుంది. తడిమీద తడి కలుపుతూ మెత్తగా నీడలు దిద్దే వీలుండదు కనుక, ఒక్కో పొరను నిర్ణయించుకుని, ఒక్కసారిగా వెయ్యాలి. నూనెరంగులు కాలం గడిచేకొద్దీ పసుపెక్కి నల్లబడతాయన్నది ఆయనకున్న మరో అభ్యంతరం. ఐకాన్ చిత్రకారులు వందల ఏళ్ళుగా నమ్ముకున్నది టెంపెరానే. అంటే భక్తి ఆయనకు విషయంగానే కాదు, సామగ్రిగానూ చేతికొచ్చింది. రంగు అట్టలోకి ఇంకి, వెలుగు లోపల్నుంచి వస్తున్నట్టు ఉంటుంది. కింద ఊదారంగు చరియ ఒక పట్టీ, దాని మీద పొగమంచు ఒక పట్టీ, పైన అంచు మాత్రమే నిమ్మపండు రంగులో వెలిగే శిఖరం. చెట్టు ఉండదు, మనిషి ఉండడు. ఒక్కోసారి గీత కూడా కనిపించదు, రంగు రంగుని తాకినచోటే కొండ అంచు.

ఇలాంటి రంగులు ప్రపంచంలో ఉండవని పెదవి విరిచినవాళ్ళున్నారు. లద్దాఖ్ వెళ్ళి వచ్చినవాళ్ళు ఆ మాట అనరు. మైదానంలో దూరపు కొండ పాలిపోయి కనిపిస్తుంది, మధ్యలో తేమ, దుమ్ము తెరలా అడ్డుపడతాయి కనుక. నాలుగైదు వేల మీటర్ల ఎత్తుకు వెళ్తే ఆ తెర పలచబడుతుంది. ఎక్కడో ఉన్న శిఖరం చేతికి అందేలా, కత్తితో కోసినట్టు కనిపిస్తుంది. ఎండ తగలని మంచు మీద పడేది ఆకాశపు వెలుగే కాబట్టి నీడ నల్లగా ఉండదు, చిక్కటి నీలం. దూరాన్ని పాలిపోయిన రంగుతో సూచించే యూరప్ పద్ధతి అక్కడ పనికిరాదు. రోరిక్ కల్పించిందని అనుకున్నదాంట్లో చాలా భాగం చూసి వేసిందే.

ప్రవక్తలూ పర్వతాలూ

ఆ ఏళ్ళలోనే ‘తూర్పు పతాకాలు’ అనే వరస మొదలైంది. కన్ఫ్యూషియస్, లావోజు, మోజెస్, బుద్ధుడు, టిబెటన్ కవి మిలరేపా, రష్యన్ సాధువు సెర్గియస్. ఒక్కొక్కరికి ఒక్కో బొమ్మ, దాదాపు ప్రతి బొమ్మలోనూ కొండ. మతాలు వేరైనా వాళ్ళంతా ఎక్కిన కొండ ఒకటే అన్న నమ్మకం అందులో ఉంది. ఇవి ఉదాత్తమైన చిత్రాలే. కానీ నిజం చెప్పాలంటే, మనిషి రూపం పెద్దదై, తలచుట్టూ వెలుగు వలయం వచ్చినచోట రోరిక్ కుంచె కాస్త బిగుసుకుపోతుంది, చెప్పాలనుకున్న సంగతి ముందుకు వచ్చి నిలబడుతుంది. కొండను మాత్రమే నమ్ముకున్నచోట ఆ సంగతి చెప్పకుండానే అందుతుంది. మనిషి చిన్నవాడై, ఓ రాతి అంచున కూర్చుంటే మళ్ళీ బొమ్మ ఊపిరి పీల్చుకుంటుంది.

1930లో వేసిన కృష్ణుడి చిత్రం అలాంటిదే. ‘కులూలో వసంతం’ అని దానికి ఇంకో పేరు. విరబూసిన చెట్టు కింద కూర్చుని కుర్ర కృష్ణుడు వేణువు ఊదుతుంటాడు, వెనక మంచుకొండలు. యమునకూ బృందావనానికీ అలవాటుపడ్డ మన కళ్ళకు మొదట కొత్తగా ఉంటుంది. తరవాత ఆ పూలచెట్టుకూ ఆ పిల్లవాడికీ మధ్య తేడా తెలియకుండా పోతుంది. లోయలో చలి విడిచి తోటలు పూతకొచ్చే రోజుల్ని ఏటేటా చూసినవాడికే ఇలా వెయ్యడం కుదురుతుంది.

హెలెనా సంగతి చెప్పకుండా ఈ కథ సగమే. హిమాలయాల్లోని మహాత్ముల నుంచి తనకు బోధలు అందుతున్నాయని ఆమె నమ్మారు. వాటిని అగ్నియోగం పేరుతో పుస్తకాలుగా రాశారు. రోరిక్‌కు ఆ నమ్మకంలో సందేహం లేదు. దాన్ని ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా, బొమ్మల వెనక ఉన్న ఇంధనం అదేనని గుర్తించాలి.

ఆ నమ్మకం ఆయన్ని చిక్కుల్లోకీ నడిపింది. అమెరికా వ్యవసాయ మంత్రి హెన్రీ వాలెస్ ఆయన్ని గురువుగా భావించి ఉత్తరాలు రాసేవారు. కరువును తట్టుకునే గడ్డిజాతుల్ని వెతకమని 1934లో ఆయన్ని మంచూరియాకు, లోపలి మంగోలియాకు పంపారు. గడ్డి విత్తనాలకన్నా రాజకీయాల మీద ఎక్కువ ఆసక్తి చూపుతున్నారన్న ఆరోపణలు రేగాయి. వాలెస్ తెగతెంపులు చేసుకున్నారు. పన్నుల కేసు పడింది. న్యూయార్క్‌లో ఆయన పేర వెలసిన మ్యూజియం భవనం, సుమారు వెయ్యి చిత్రాలు వివాదంలో చేజారాయి. ఆయన మళ్ళీ అమెరికా వెళ్ళలేదు. విచిత్రమేమిటంటే, ఈ గొడవల కాలంలోనే, 1935 ఏప్రిల్ 15న వైట్‌హౌస్‌లో, రూజ్‌వెల్ట్ సమక్షంలో, అమెరికా ఖండాల దేశాలు ‘రోరిక్ ఒడంబడిక’ మీద సంతకాలు చేశాయి. యుద్ధం వచ్చినా చారిత్రక కట్టడాలను, మ్యూజియాలను, బడులను తాకకూడదని దాని సారాంశం. కుర్రతనంలో పాత చర్చిల ముందు నిలబడి బొమ్మలేసుకున్నవాడి కల అంతర్జాతీయ ఒప్పందమైంది. తెల్లటి జెండా మీద ఎర్రటి వలయం, లోపల మూడు ఎర్రటి గుండ్రాలు దాని గుర్తు.

వెయ్యి చిత్రాలు పోగొట్టుకున్న మనిషి నగ్గర్‌లో మళ్ళీ కుంచె పట్టారు. లోయలో మొక్కలు, టిబెటన్ వైద్యం, జానపద కథలు సేకరించే ‘ఉరుస్వతి’ పరిశోధన సంస్థకు డబ్బు ఆగిపోయింది. కొండ ఆగలేదు. కిటికీలోంచి రోజూ కనిపించే ఆ గీతనే ఉదయం ఒకలా, మబ్బు పట్టినప్పుడు ఒకలా, వెన్నెల్లో ఒకలా వేస్తూ పోయారు. కులూ జనం కొలిచే గుగా చౌహాన్ రాతివిగ్రహం, గుర్రమెక్కిన వీరుడు, ఆయన ఇంటి ఆవరణలో దేవదారు కింద ఉండేది. ఆ దేవుడికీ ఓ చిత్రం దక్కింది. 1942లో నెహ్రూ కూతురు ఇందిరతో కలిసి ఆ ఇంటికి అతిథిగా వచ్చారు. చిన్నకొడుకు స్వెతస్లావ్ అప్పుడు నెహ్రూ రూపచిత్రాలు వేశారు.

పుట్టిన దేశానికి తిరిగి వెళ్ళాలని యుద్ధం తరవాత రోరిక్ ప్రయత్నించారు. అనుమతి రాకముందే, 1947 డిసెంబర్ 13న నగ్గర్‌లోనే కన్నుమూశారు. స్టాండు మీద ‘గురువు ఆజ్ఞ’ అనే చిత్రం ఉంది. లోయ అంచున ధ్యానంలో ఉన్న మనిషి వైపు ఎగిరొస్తున్న డేగ. ఇంటి కిందనే దహనం చేశారు. మహర్షి అని, భారతదేశానికి గొప్ప మిత్రుడని చెక్కిన పెద్ద బండరాయి అక్కడ ఉంది. తరవాత మన ప్రభుత్వం ఆయన చిత్రాలను రవివర్మ, టాగూర్, అమృతా షేర్‌గిల్ చిత్రాలతో సమానంగా జాతీయ కళానిధులుగా ప్రకటించింది. వాటిని దేశం దాటించడం కుదరదు.

తుమ్మపూడి దాకా

రోరిక్ కుటుంబానికీ తెలుగు నేలకూ బంధం రెండు దారుల్లో ఉంది. 1945లో స్వెతస్లావ్ పెళ్ళాడిన నటి దేవికారాణి పుట్టింది విశాఖపట్నం వాల్తేరులో. రెండో దారి గుంటూరు జిల్లా తుమ్మపూడికి వస్తుంది. రచయిత, చిత్రకారుడు సంజీవదేవ్ యువకుడిగా హిమాలయాల్లో తిరిగిన రోజుల్లో రోరిక్‌లకు దగ్గరయ్యారు. ఆయన ఆత్మకథ ‘తెగిన జ్ఞాపకాలు’ చదివినవాళ్ళకు ఆ కొండల మీద ఆయనకున్న మమకారం తెలుసు. తిరిగొచ్చి పల్లెలోనే స్థిరపడి, దేశదేశాల కళాకారులకు ఉత్తరాలు రాస్తూ, ప్రకృతి దృశ్యాలు చిత్రిస్తూ జీవించారు. కృష్ణా డెల్టా పొలాల్లో కొండలు లేవు. అయినా ఆకాశం పట్ల ఆ భక్తి కొండల్లోనే కుదిరిందని ఆయన రాతలు చదువుతుంటే నాకనిపిస్తుంది. తెలుగులో కళావిమర్శకు ఆయన చేసిన సేవ గురించి విడిగా, వివరంగా రాయాల్సిన బాకీ మన పత్రికలకు ఉంది.

రోరిక్ బొమ్మల్ని చూడటానికి కులూ దాకానే వెళ్ళనక్కర్లేదు. మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో, తిరువనంతపురం శ్రీచిత్రా గ్యాలరీలో, అలహాబాద్ మ్యూజియంలో ఉన్నాయి. మన వాళ్ళకు అన్నిటికన్నా దగ్గర బెంగళూరు. స్వెతస్లావ్, దేవికారాణి చివరి దశాబ్దాలు గడిపిన నగరం. అక్కడి కుమారకృపా రోడ్డులో కర్ణాటక చిత్రకళా పరిషత్ ఉంది. ఉద్యోగాల కోసం, చదువుల కోసం ఆ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళు ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని అక్కడి రోరిక్‌ల గ్యాలరీకి వెళ్ళాలి. గోడ నిండే పెద్ద బొమ్మలు చూపును లాగుతాయి. వాటిని తరవాత చూడొచ్చు, ముందు చిన్న కొండల దగ్గరికి వెళ్ళండి.